పగటి చుక్కకు వాటాలు

1968 డిసెంబరు 9

నోరు అదుపులో పెట్టుకోవాలి. ముందు ఇది రాసుకుని తర్వాత మిగతావి. బడిలో ఉద్యోగం ఊడింది ఈ నోటివల్లే. పాఠం తప్పు చెబుతున్నారని హెడ్‌మిస్ట్రెస్‌గారితో పిల్లల ముందే అనేశాను. ఆవిడ చెప్పింది తప్పే, అది వేరే సంగతి.

ఇది చలికాలం మట్టుకే ఉండే పని. నౌపడ ఉప్పు మళ్ల గట్టున పాత గిడ్డంగి. కప్పు మీద ఏరియల్, లోపల రేడియో పెట్టెలు, బయట జనరేటరు. బొంబాయి నుంచి వచ్చిన నరహరిగారు మా పెద్ద. ఆయనకు మాట తక్కువ, టీ ఎక్కువ. పలాస యోబు జీపు నడుపుతాడు, జనరేటరు చూస్తాడు, ఏరియల్ తిప్పుతాడు, మధ్యమధ్య చర్చి పాటలు పాడతాడు. నేను ఫిజిక్సు చదివినదాన్ని కాబట్టి బ్యాటరీలలో నీళ్లు పోయడం నా వంతు.

పని చెప్పుకుంటే నవ్వొస్తుంది. టెక్కలి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, ఏరియల్ కీళ్లకు పట్టిన ఉప్పును తడిగుడ్డతో తుడవాలి. రేడియో వేడెక్కాక హైదరాబాదు వాళ్లను పిలిచి వినపడుతోందా అని అడగాలి. గీతలు గీసే సూది కింద కాగితం చుట్ట ఎక్కించాలి. సూదికి సిరా అందకపోతే గొట్టాన్ని నోటితో పీల్చి రప్పించాలి. ఇంటికి చేరేసరికి నా పెదవులు నీలంగా ఉన్నాయి. నాన్నగారు చూశారు. గుడికి వెళ్లిపోయారు.

డిసెంబరు 13

నాన్నగారు ఇవాళ నోరు విప్పారు.

“ఏమిటే మీ ఎక్స్‌రే? నక్షత్రాలకు ఎముకలు విరిగాయా?”

నాకు నవ్వాగలేదు. ఆయనకీ ఆగలేదు. సరేనని చెప్పాను. ఆస్పత్రిలో ఎముకలు చూపించే ఆ కిరణాలనే కొన్ని నక్షత్రాలు వాటంతట అవే కుమ్మరిస్తున్నాయి. మన గాలి వాటిని ఒక్కటి కూడా కిందికి రానివ్వదు. అందుకని గాలి పలచబడే ఎత్తుకు దుర్బిణి పెట్టెను మోసుకుపోవడానికి హైదరాబాదులో గుడి గోపురమంత ప్లాస్టిక్ బెలూను వదులుతారు. ఈ నెలల్లో అంత ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి అది తేలుకుంటూ మన మీదికే వస్తుంది. హైదరాబాదు రేడియోకి అందనంత దూరం వచ్చాక అది చెప్పే కబురు మేము అందుకోవాలి.

“ఏ నక్షత్రం?”

“వృశ్చికంలో నాన్నగారూ, అనూరాధకి దగ్గర్లో.”

“అది ఇప్పుడు సూర్యుడితో పాటే లేస్తుంది కదే. పగలు ఏం కనిపిస్తుంది?”

“కంటికి కనిపించదు. ఆ పెట్టెకి రాత్రీ పగలూ లేవు. పగలంతా ఆ నక్షత్రం మన నెత్తిమీద వెలుగుతూనే ఉంటుంది.”

ఉత్తరీయం సర్దుకుంటున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లు పంచాంగం చెప్పాను, పగలు నక్షత్రాలు ఏమవుతాయో ఒక్కనాడూ అనుకోలేదే అన్నారు. ఆ మాట ఆయన నాతో అనలేదు, తనలో తాను అనుకున్నారు.

డిసెంబరు 20

బెలూను వరంగల్లు దాటకుండానే పగిలిపోయింది. మా సూది కదలనే లేదు.

ఇంకొకటే ఉందిట. అదీ పోతే ఈ గిడ్డంగికి తాళమే అన్నారు నరహరిగారు. నా ఉద్యోగానికీ తాళమే అని ఆయన అనలేదు. నాకు తెలియదా?

పెట్టె దొరకడం ముఖ్యం. రేడియోలో మాకు వచ్చేది మొత్తం లెక్క ఒక్కటే. ఒక్కొక్క కిరణం ఎంత బలంగా తగిలిందో పెట్టెలో ఉన్న ఫిల్ము మీద పడుతుంది. ఆ ఫిల్ము లేకపోతే మేము గీసిన గీతకు సాక్ష్యం లేదు. అందుకని ఏర్పాటు ఇది: నరహరిగారు కోటబొమ్మాళిలో సర్వే దుర్బిణి పెట్టుకుని నిలబడతారు. బెలూను నెత్తిమీదికి రాగానే వైర్‌లెస్‌లో నొక్కమంటారు. నేను ఇక్కడ ఎర్ర మీట నొక్కుతాను. బెలూను తాడు తెగి, పెట్టె నారింజ రంగు పారాచూటుతో దిగి ఉద్దానం జీడితోటల్లో ఎక్కడో పడుతుంది. ఆలస్యమైతే తోటలు దాటి సముద్రంలో పడుతుంది.

“ఆలస్యం చెయ్యకూడదు సుందరిగారూ” అని చెప్పారు. మళ్లీ చెప్పారు. నేను తల ఊపాను.

1969 జనవరి 3

పోలీసులు మళ్లీ జీపు ఆపారు. నక్సలైట్ల కోసం గాలిస్తూ ఈ రోజుల్లో ఉద్దానం వైపు వెళ్లే ఏ బండినీ వదలడం లేదు. యోబు బైబిలు చూపించాడు, నేను బ్యాటరీ చూపించాను. బ్యాటరీకే ఎక్కువ భయపడ్డారు.

జనవరి 8

అక్షరాలు కుదరడం లేదు.

ఎండ ఎక్కుతుండగా రెండో బెలూను వినిపించింది. ముందు చెవిలో ఇసక రాలుతున్నట్టు ఒక సొద. యోబు కప్పు మీద ఏరియల్ ఇటు తిప్పి అటు తిప్పి పట్టుకున్నాడు. సొదలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు, ఆ వెనకే సూది లేచింది. పెట్టె అక్కడ నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతుంది. ముఖం నక్షత్రం వైపు వచ్చినప్పుడల్లా సూది లేస్తుంది, పక్కకు తిరగ్గానే పడుతుంది. లేస్తుంది, పడుతుంది. నిద్రపోతున్న మనిషి రొమ్ములాగా.

ఈ పని పుస్తకాల్లో చదివాను, నాన్నగారికి పాఠంలా అప్పజెప్పాను. కానీ ఇవాళే తెలిసింది. ఎంత దూరమో ఎవరికీ తేలని చోట బయల్దేరిన వెలుగు, మన తాతముత్తాతలు పుట్టకముందు బయల్దేరిందో ఏమో, దారిలో దేనికీ తగలకుండా వచ్చి వచ్చి ఇవాళ ఆ పెట్టెకు తగిలింది. అక్కణ్ణించి ఉప్పు గాలిలోంచి దిగి నా నీలం సిరాలోకి వచ్చింది. నేను కాగితం మీద చెయ్యి పెట్టి చూశాను. మామూలు కాగితమే.

యోబు పైనుంచి కేకేశాడు.

“పంతులమ్మగారో! బేగి రండి! పట్టపగలు సుక్కండీ!”

పరుగెత్తాను. నీలాకాశంలో పడమర వైపు తెల్లని చుక్క, కదలకుండా నిలబడినట్టే ఉంది. ఉప్పు మళ్లలో పనివాళ్లు తట్టలు దించి చేతులు జోడించి నిలబడ్డారు. అది నక్షత్రం కాదు, బెలూను అని చెప్పాలి. ఏ తప్పు కనిపించినా ఊరుకోని నా నోరు ఇవాళ ఊరుకుంది.

నేను లోపలికి వచ్చేసరికి సూది వరస మారింది. ప్రతి చుట్టుకీ ఇంకాస్త పైకి లేస్తోంది. కాసేపటికి కాగితం అంచుకు కొట్టుకుంది. కొలత తగ్గించాను. మళ్లీ అంచుకు కొట్టుకుంది. యంత్రం పాడైందేమోనని తీగలన్నీ చూశాను. ఏమీ పాడవలేదు. పెట్టె పక్కకు తిరగ్గానే సూది బుద్ధిగా కిందికి దిగుతోంది, నక్షత్రం వైపు తిరగ్గానే ఎగిరిపడుతోంది. అక్కడ నక్షత్రం భగ్గుమంటోంది. ఆకాశం నిండా ఎండ కాస్తోంది, రోడ్డు మీద బస్సు పోతోంది, దాని సంగతి ఈ భూమి మీద నాకొక్కదానికే తెలుసు.

అప్పుడు నరహరిగారి గొంతు. “నెత్తిమీదికి వచ్చింది. నొక్కండి.”

తర్వాత నొక్కాను.

పెట్టె భావనపాడుకు అవతల సముద్రంలో పడింది.

జనవరి 9

మీట బిగుసుకుపోయిందని నరహరిగారికి చెప్పాను. ఉప్పు గాలికి ఇనుము బిగుసుకుంటుంది. ఎవరినడిగినా చెబుతారు.

జనవరి 10

మీట నిజంగానే కాస్త బిగుతు. ఇవాళ చాలాసార్లు నొక్కి చూశాను.

జనవరి 12

బారువ నుంచి భావనపాడు దాకా ఒడ్డు వెంట తిరిగాం. పెట్టె అడుగున తేలే అట్టలు కట్టి ఉన్నాయి, మునిగే వస్తువు కాదు. ఎవరినడిగినా చూడలేదంటారు. మా జీపు చూడగానే ఇళ్లలోకి వెళ్లిపోతారు.

నరహరిగారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అని ఉందును. సాయంత్రం కాగితం చుట్ట విప్పి ఆ పెద్ద గీత ముందు చాలాసేపు కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

“ఇంత వెలుగు నిజమా, మన యంత్రం పిచ్చా? ఫిల్ము లేకుండా ఎవరూ నమ్మరు సుందరిగారూ. నేనే నమ్మలేను.”

నిజమని నాకు తెలుసు. నాకు తెలిస్తే ఏం లాభం?

జనవరి 16

బిగుతే.

జనవరి 17

పండగ రోజుల్లో జీపు కదల్లేదు. ఇవాళ యోబు చుట్టాల ఇంటికని భావనపాడు వెళ్లి వచ్చి, జనరేటరు వెనక్కి నన్ను పిలిచాడు.

“పంతులమ్మగారూ, అక్కడ ఒక ఇంటి ముందల పసిగుంటకి ఉయ్యాల కట్టినారండి. నారింజ రంగు గుడ్డ. మన గొడుగు గుడ్డేనండి అది.”

నరహరిగారికి చెప్పమన్నాను. అతను కదల్లేదు. “మీట సంగతి నాను ఆరికి సెప్పలేదండి” అన్నాడు. నేను ఏ మీట అని అడగలేదు. ఆ వేళ నరహరిగారు నొక్కమన్నప్పుడు అతను కప్పు దిగి వచ్చి నా పక్కనే నిలబడి ఉన్నాడు.

జనవరి 18

అన్నీ వరసగా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

భావనపాడులో పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఎండు చేపల మీద వాలే కాకుల్ని తోలుతున్నారు. పడవల పెద్ద నూకయ్య వల బాగుచేసుకుంటున్నాడు. నరహరిగారు పెట్టె సంగతి అడిగారు.

“పెట్టా? ఏ పెట్టి బాబూ? మాకేటీ తెల్దు.”

ఆయన వెనక పాక ముందు నారింజ రంగు ఉయ్యాల గాలికి ఊగుతోంది. అందరూ దాన్ని చూడనట్టు నటిస్తున్నారు. అప్పటిదాకా అదుపులో పెట్టుకున్న నోరు జారింది.

“ఆ ఉయ్యాల గుడ్డ ఆకాశంలోంచి ఊడిపడిందా తాతా?”

ఆయన నవ్వలేదు. “ఆకాసం నుంచే పడినాదమ్మా. అందికే బయం. ఏ బాంబో అనీసి పోలీసోలు మా కుర్రోలని అట్టుకుపోతే నానేటి సెయ్యగలను?”

“పోలీసులది కాదు, మాది.”

“మాదంటే ఎవులిది? పేరు సెప్పు.”

నరహరిగారు బొంబాయి ఆఫీసు సంగతి మొదలుపెట్టారు. నూకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “బొంబాయోలు ఒచ్చి సంద్రంలో పడేసినారేటి? ఎవులు పడేసినారో ఆలు సెప్పాల.”

“నేనే” అన్నాను.

“ఎందుకు పడేసినావు?”

మీట మాట నాలిక చివర ఉంది. యోబు నేల చూపులు చూస్తున్నాడు. ఆ ముసలాయన కళ్లు నా మీంచి కదలడం లేదు. ఆ కళ్ల ముందు మీట, ఉప్పు గాలి, ఇనుము, ఏవీ నోటికి రాలేదు.

“తాడు తెంపమని ఈయన చెప్పారు. నేను తెంపలేదు. అప్పుడు ఒక నక్షత్రం వెలుగు పెరుగుతోంది తాతా. ఇంకా ఇంకా పెరుగుతోంది. అంత వెలుగు ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. మీట నా చేతి కిందే ఉంది. చూస్తూ ఉండిపోయాను.”

నరహరిగారి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

నూకయ్య వల పక్కన పెట్టాడు. “ఎప్పుట్నుంచి సూత్తన్నావు ఆ పెట్టిని?”

“పొద్దున్నుంచి. పడమటి నుంచి వస్తుండగానే, కంటికి ఆనకముందే రేడియోలో పట్టుకున్నాను.”

“ఒడ్డు మీద నీకన్నా ముందల సూసినోలు ఎవులైనా ఉన్నారా?”

“లేరు.”

ఆయన లేచి పాక వైపు తిరిగి, “ఓలే సూరమ్మా, ఆ వాటా అట్టుకురా!” అని కూతుర్ని కేకేశాడు.

ఏ వాటా? నాకేమీ అర్థం కాలేదు. చుట్టూ జనం చేరారు, ఒక్కసారిగా అందరికీ మాటలు వచ్చాయి. తేలిందేమిటంటే, సముద్రంలో ఏది దొరికినా ఆ వేళ వేటకెళ్లిన పడవలన్నిటికీ సమంగా వాటాలు వెయ్యాలి, పుల్లలు తీసి ఎవరిది ఎవరికో తేల్చాలి. అది అక్కడి కట్టుబాటు. అలాగే పెట్టెనూ విప్పి వాటాలు వేశారు. ఒక ఇంటికి అల్యూమినియం ఊచలు వచ్చాయి, ఒక ఇంటికి తీగలు, ఒక ఇంటికి బ్యాటరీలు. వచ్చిన డబ్బాలన్నీ తెరిచేశారు. ఒకదానితో దీపం బుడ్డి కూడా చేసుకున్నారు. బాలింతరాలని గొడుగు గుడ్డ సూరమ్మకు వదిలేశారు. దేశంలో ఎక్కడా లేని దుర్బిణిని భావనపాడులో ఇంటికో ముక్క చొప్పున పంచుకుని కూర్చున్నారు. నరహరిగారు తల పట్టుకుని పడవ అంచు మీద కూలబడ్డారు.

“ఇంకో వాటా ఉంటాదమ్మా” అన్నాడు నూకయ్య. “సేపల గుంపుని ఒడ్డు మీంచి ముందల సూసి కేకేసినోడికి, ఆడు పడవెక్కకపోయినా సరే, ఒక వాటా తియ్యాల. సూసినోడు లేకపోతే దొరికినాదేటి? ఇది ఆకాసంలో ముందల ఎవులు సూసినారో మాకు తేలనేదు. ఆల వాటా తీసి మా ఇంటికాడ ఎట్టినాం.”

సూరమ్మ చంకన పిల్లతో వచ్చి మట్టికుండ నా ముందు దించింది. కుండలో ఊక. ఊకలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఫిల్ము డబ్బా. మూత చుట్టూ హైదరాబాదు వాళ్లు అంటించిన మైనం పట్టీ అలాగే ఉంది.

“దీని మూత తియ్యలేదా?” అని అడిగాను.

“ఒకల వాటా ఇంకొకలు ఇప్పుతారేటి?” సూరమ్మకు కోపమొచ్చింది. “గంగమ్మ ఊరుకుంటాదా?”

పుల్లలు తీసినప్పుడు ఆ డబ్బా చూసినవాళ్ల వాటాకి కాక ఇంకే ఇంటికి వచ్చినా ఆ మూత ఊడేది, ఎండ తగిలి ఫిల్ము నల్లబడిపోయేది. నేను ఇసకలో కూర్చుండిపోయాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో నరహరిగారు అన్నారు, “మీట బిగుసుకుపోయిందన్నారు.”

“అబద్ధం.”

“తెలుసు. మర్నాడు నేనూ నొక్కి చూశాను.”

కోటబొమ్మాళి స్టేషనుకు చేరాం. రైలెక్కుతూ, “ఫిల్ము కడిగాక మాట్లాడదాం” అన్నారు. డబ్బాను శాలువాలో చుట్టి గుండెకు ఆనించుకున్నారు.

జనవరి 25

ఏరియల్ తుడిచాను. బ్యాటరీలు చూశాను. హైదరాబాదు వాళ్లతో మాట్లాడాను. ఫిల్ము సంగతి వాళ్లకీ తెలియదు. నేను మీట నొక్కకపోవడం తప్పు. దాన్ని ఒప్పని నేను ఎక్కడా రాయకూడదు. ఫిల్ము బాగుంటే మాత్రం రాయాలనిపిస్తుంది, అదే నా భయం.

ఫిబ్రవరి 3

రేడియోలో నరహరిగారి గొంతు! గరగరలో సగమే వినిపించింది, నాకు కావలసిన సగం. ఫిల్ము శుభ్రంగా ఉంది. వెలుగు నిజం. మనం చూస్తుండగానే నక్షత్రం నాలుగింతలై మళ్లీ తగ్గింది, ఆ తగ్గడం కూడా ఫిల్ములో ఉంది.

“సుందరిగారూ, మీరు చేసింది తప్పే” అన్నారు. “నా చేతిలో మీట ఉంటే చెప్పిన వేళకే నొక్కేవాణ్ణి. మనకు పెట్టె దక్కేది, ఇది దక్కేది కాదు. ఏమనాలో నాకు తెలియడం లేదు.” కాసేపు గరగర. “వచ్చే చలికాలం మీట నా దగ్గర ఉంటుంది. కాగితం మీ దగ్గర.”

వచ్చే చలికాలం! యోబు గొంతెత్తి పాడుతున్నాడు. నేను సిరా గొట్టం ఊరికే మళ్లీ పీల్చాను.

ఫిబ్రవరి 6

పొద్దున్నే భావనపాడు వెళ్లాను. వాళ్ల దగ్గరున్న ముక్కలన్నీ మొన్ననే తిరిగి ఇచ్చేశారు, ఉయ్యాల గుడ్డ తప్ప. దాన్ని నేనే అడగలేదు. పడవలు అప్పుడే ఒడ్డెక్కాయి.

“మా వలలో పడినాదేటో సెప్పనేదు” అన్నాడు నూకయ్య. “దేనికమ్మా అంత ఏడిసినావు?”

చెప్పాను. తేలు చుక్కలు వాళ్లకు నాకన్నా బాగా తెలుసు, వేకువన పడవ తోసేది అవి చూసే. వాటి పక్కన మన కంటికి ఆనని చుక్క ఒకటి ఉందని చెప్పాను. అది ఆ వేళ అందరి నెత్తిమీదా భగ్గుమందని, మనమెవరం తల ఎత్తలేదని, అది భగ్గుమన్నట్టు సాక్ష్యం వాళ్ల కుండలో దాగి ఉందని చెప్పాను.

“తెల్లారితే పోతాయి కదేటి సుక్కలు?” అంది సూరమ్మ.

“పోవు. ఇప్పుడూ ఉంది.”

“ఏటి, ఇప్పుడా? ఎక్కడ?”

నడినెత్తికి కాస్త నైరుతిగా చెయ్యి చూపించాను. వలలు దులుపుతున్నవాళ్లు ఆపారు. చేపలు ఏరుతున్న ఆడవాళ్లు నుదుటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒడ్డు పొడుగునా అందరూ తలలెత్తి ఉత్త ఆకాశంలోకి చూశారు. అలల చప్పుడొక్కటే.

“నాకేటీ అగుపడ్డం నేదు పంతులమ్మా.”

“నాకూ కనపడదు సూరమ్మా.”

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఉయ్యాలలోంచి పిల్లను తీసి, మెడ కింద చెయ్యి వేసి, దాని ముఖాన్ని నేను చూపించిన వైపు తిప్పింది. పిల్ల కళ్లు చికిలించింది.

“అగుపడనోలకి కూడా వాటా ఉంటాదేటి?” అని నూకయ్య అడిగాడు.

ఉంటుందన్నాను.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండవల్ల అని ఇక్కడ రాయబోయి కొట్టేశాను. ఎండవల్ల కాదు.